కొరమేనుకు ఎర

నా చిన్నప్పుడు కొరమేనును గాలానికి ఎలా పట్టాలో చూపించింది మా తాతయ్య, నాన్నకు తండ్రి. చూపించింది ఒక్కసారే. ఆ తర్వాత నేను గాలం ముట్టలేదు.

అప్పటికి సాగర్ నీళ్లు మా వైపు రాలేదు. ఎండలు మొదలయ్యేసరికి నాగులేరు పారడం మానేసి మడుగులుగా మిగిలేది. నేనూ అమ్మా గురజాల దగ్గర, ఏటి ఒడ్డునే ఉన్న అమ్మమ్మ ఊళ్లో ఉంటున్నాం. నాన్న ఇల్లు రెంటచింతలలో. ఆ చలికాలంలో నాన్న అమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. అమ్మ నన్ను తీసుకొని పుట్టింటికి వచ్చేసింది. ఎముక వంకరగా అతుక్కుంది. మళ్లీ ఆ గడప తొక్కితే తాను బతకనని అమ్మమ్మతో చెప్పింది. అమ్మ మాట పెంచి చెప్పే మనిషి కాదు. పెద్దమనుషులు వచ్చి నచ్చజెప్పారు. నాయనమ్మ కొత్త చీర పంపింది. చర్చిలో శిలువ ముందు ప్రమాణం చేస్తానని నాన్న కబురు పెట్టాడు. అమ్మ కదల్లేదు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక శుక్రవారం పొద్దున బస్సు దిగి తాతయ్య వచ్చాడు. మా ఇళ్లలో ఆ శుక్రవారాలు మాంసం వండరు, చేప తింటారు.

"కాపరం మాట ఎత్తనులేమ్మా. పిల్లని చూసిపోదామని వచ్చా," అన్నాడు.

నాన్న ఇంట్లో అమ్మతో మెత్తగా మాట్లాడింది ఆయన ఒక్కడే. విరిగిన చేతికి కట్టు కట్టించింది కూడా ఆయనే. అందుకే అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. నన్ను ఏటికి తీసుకుపోతానంటే సరేనంది. "ఓ ఎర్రగుడ్డ పీలిక ఉంటే ఇయ్యమ్మా," అని ఆయన అడిగితే తన పాత రవిక చించి ఇచ్చింది.

మడుగులో నీటి మీద ఎర్రటి మరక లాంటిది కదులుతోంది. అవి కొరమేను పిల్లలనీ, వాటి కిందే తల్లి ఉంటుందనీ తాతయ్య చెప్పాడు. ఏ ఎర వేద్దామో నన్నే చెప్పమన్నాడు. నేను తడిమట్టి తవ్వి వానపామును తెచ్చాను. తల్లి దాన్ని ముట్టలేదు. జొన్నపిండి ముద్ద పెడితే చిన్న చేపలు కొరుక్కుపోయాయి. అప్పుడాయన ఒక కప్పపిల్లను పట్టి, బతికుండగానే దాని వీపు తోలు కింద గాలం గుచ్చాడు. చచ్చినదాన్ని కొరమేను చూడదట. కప్ప కాళ్లు కొట్టుకుంటూ చానాసేపు ఈదింది. తల్లి పైకి వచ్చి, చూసి, మునిగిపోయింది.

"దానికి ఆకలి లేదా తాతయ్యా?"

"ఎందుకుండదు, చానా ఉంటది. పిల్లలున్నన్నాళ్లు అది తిండి మీదికి రాదే పిచ్చిదానా. కాపలా కాస్తా ఉంటది."

"మరి ఎట్టా పడుద్ది?"

"దాని నోటికాడ వేస్తే పడదు. పిల్లల్లో వెయ్యాల."

కప్పను పీకి గట్టు మీద పారేశాడు. గాలానికి అమ్మ ఇచ్చిన పీలిక చుట్టి, కోడి ఈకలు కట్టాడు. తినడానికి అందులో ఏమీ లేదు. దాన్ని పిల్లల గుంపులోకి విసిరి లాగాడు, మళ్లీ విసిరాడు. పిల్లలు చెదిరిపోయాయి. వెంటనే నీళ్లు ఎగసి, కర్ర వంగింది.

నా చెయ్యంత చేప. ఆయన దాని తలను రాయికేసి కొట్టాడు. కొరమేను త్వరగా చావదు. మడుగులో పిల్లలు మళ్లీ ఒక్కచోట చేరి అక్కడక్కడే తిరుగుతున్నాయి.

"వాటినెవరు చూస్తారు తాతయ్యా?"

"ఎవురు చూస్తారే. రేపటికి ఉండవులే," అన్నాడు చేతులు కడుక్కుంటూ. అప్పటికే జెల్ల చేపలు వాటి మీదికి వస్తున్నాయి.

నన్ను భుజానికెత్తుకొని ఊరి వైపు కాకుండా బస్సు రోడ్డు వైపు నడిచాడు. అమ్మ ఏదని అడిగాను.

"వచ్చుద్దిలే," అన్నాడు.

బస్సులో నాకు వేయించిన శనగలు కొనిపెట్టాడు. నాకు సంతోషంగానే ఉంది.

అమ్మ పొద్దుగూకేసరికి రెంటచింతల వచ్చింది. బస్సు కోసం ఆగలేక నడిచొచ్చిందట. కాళ్లకు చెప్పుల్లేవు. అరుగు మీద కూర్చున్న నాన్న తల తిప్పలేదు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కొని ఒళ్లంతా తడిమి చూసింది.

"దీన్ని తీసుకొని పోతా మామయ్యా."

"నువ్వు పోతానంటే పోమ్మా, నిన్నెవరూ పట్టుకోరు. పిల్ల మా ఇంటి పిల్ల. ఇక్కడే ఉంటది," అన్నాడు తాతయ్య. గొంతు పెంచలేదు. "పొద్దుట్నుంచీ ఏం తిన్నావో ఏమో. ముందు అన్నం తిను."

నాయనమ్మ చేపల పులుసు వడ్డించింది. అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, వంకర చేత్తోనే కలుపుకొని తిన్నది. ఇక పుట్టింటికి వెళ్లలేదు.

ఆమె చెప్పినట్టే జరిగింది. మరుసటి ఎండాకాలాన్ని చూడలేదు. ఊళ్లో జ్వరమని చెప్పారు. సమాధుల తోటలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది తాతయ్య. అది నటన అని నేను అనను. మడుగు దగ్గర ఆయన నాకు చెప్పిన మాటల్లోనూ అబద్ధం లేదు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. పెళ్లిలోనో, బస్టాండులోనో ఎవరైనా పసిపిల్లను ఎత్తుకొని నవ్విస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఆ పిల్లను చూస్తారు. నేను ఆ పిల్ల తల్లి కోసం వెతుకుతాను. ఆమె కనిపించేదాకా అక్కణ్నుంచి కదలను.