చెవిలో అందించిన పాట

నా జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో ఒక అబద్ధం ఆడాను. చిన్నదే. నోట్లోంచి రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. అప్పటి నుంచి అది గుండె మీద రుబ్బురోలులా కూర్చుంది. పక్కకు జరపడం నాకు చేతకాలేదు. ఓ చెయ్యి వేసి దించమని ఎవరినీ అడగలేదు. నువ్వెవరో నాకు తెలియదు, నా మొహం నీకు తెలియదు. అందుకే నీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాతే అక్కర్లేదు.

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే సర్దుకో.

మా మనుమరాలు గ్రేసీ పంజాగుట్టలో ఒక సంగీతం స్కూల్లో తెల్లవాళ్ల పద్ధతిలో పాడటం నేర్చుకుంటుంది. మొన్న ఒక శనివారం మధ్యాహ్నం అక్కడ ఫ్రెంచి నాటకం వీడియో వేస్తున్నారని నన్ను బయల్దేరదీసింది. అందులో మాటలుండవట, అంతా పాటేనట. ఒపెరా అంటారట.

"నాకు ఫ్రెంచి వస్తదానే? నేనెందుకు?" అన్నాను.

"నాకు సుత రాదు అమ్మమ్మా. కింద ఇంగ్లీషుల వస్తది, నేను నీ చెవుల జెప్త. గీ ఒపెరా ఫ్రాన్సుల సుత ఎవ్వరు ఆడరంట. మస్తు ఏండ్లకు ఒక్కపారి ఆడితే వీడియో తీసిన్రు. మల్ల దొరకది. ఏసీ ఉంటది, రా."

ఏసీ కోసమే వెళ్లాను. చెవుల జెప్త అన్నప్పుడే నేను ఆగిపోవాల్సింది.

పెద్ద తెర, ప్లాస్టిక్ కుర్చీలు, కొద్దిమంది జనం. తెర మీద ఒక రాజు తన కూతుర్ని బురుజులో పెట్టి తాళం వేశాడు. ఎందుకని అడిగితే గ్రేసీ నా చెవి దగ్గరికి వంగి చెప్పింది, కాపలావాడి మీద మనసు పడిందట. ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి పాడుతూనే ఉంది. ఏడవాలంటే ఏడవరాదా, ఇంతసేపు పాడటం దేనికి అనుకున్నాను. కానీ గొంతు మాత్రం గొంతే. నాకూ ఒకప్పుడు గొంతుండేది.

అప్పుడు చూశాను. వేదిక ముందు అంచున, నడిమధ్యన, చిన్న గూడులాంటిది ఉంది. జనం వైపు మూసి, పాడేవాళ్ల వైపు తెరిచి ఉంది. పక్క నుంచి చూపించినప్పుడు అందులో ఒక మనిషి తల, కదిలే పెదవులు కనబడ్డాయి.

"గదేందే? ఆ మనిషెవరు?"

"పాటంత యాదికుండది గదా అమ్మమ్మా. ముందుగాల మాట అందిస్తది ఆమె. చూసెటోల్లకు కనబడది."

రాహేలు గుర్తొచ్చింది. అసలు మరిచిపోతే కదా గుర్తు రావడానికి!

రాహేలుది అమీర్‌పేటలో మా గల్లీనే, గోడకు గోడ ఇల్లు. చుట్టరికం లేదు, నన్ను వదినా అని పిలిచేది. ఇద్దరం ఒకే చర్చికి పోయేవాళ్లం. నేను ఏడో తరగతి చదివానని చెప్పి ఒక ఆస్పత్రిలో ఆయా పనికి కుదిరాను. బడి గడప తొక్కింది లేదు. వార్డులను తలుపుల రంగును బట్టి పోల్చుకునేదాన్ని. ఆ పని ఇప్పించింది మా చర్చి సంఘ పెద్దే. చర్చిలో నా గొంతు బాగుందని ముందు వరసలో నిలబెట్టి పాటలు ఎత్తుకోమన్నదీ ఆయనే. చేతిలో పుస్తకం ఉండేది. అందులో ఉన్నవి నాకు చీమలు. పక్కన రాహేలు నిలబడేది. ఒక చరణం అయిపోయి ఇంకోటి ఎత్తుకునే లోపల, నేను ఊపిరి తీసుకునే ఆ కాస్త జాగాలో, తర్వాతి మాటలు నా చెవిలో వేసేది. నేను పాడేదాన్ని. జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. గొంతు నాది, మాట ఆమెది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఆ రోజుల్లో పాస్టరు గారి భార్య, పాస్టరమ్మ గారి గురించి సంఘంలో ఏవో పాడు మాటలు పుట్టాయి. ఎవరు పుట్టించారో ఇప్పటికీ నాకు తెలియదు. సంఘ పెద్ద ఆ మనిషి కోసం వెతుకుతున్నాడు. నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల దగ్గర రొట్టె పంచేటప్పుడు కూడా రాహేలు పెదవులు నా చెవి దగ్గర కదలడం ఆయన చూశాడు. కొత్త పాట అది, అందించకపోతే నేను ఆగిపోయేదాన్ని. ఆరాధన అయ్యాక నన్ను లోపలి గదిలోకి పిలిచి, రొట్టె ముంగట రాహేలు నీతో ఏం మాట్లాడుతున్నదని అడిగాడు.

నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. నాకు చదవడం రాదయ్యా, ఆమె పాట అందిస్తది. అంతే. ఆ ముక్క చెబితే నా పని పోతుంది. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం అదే. కానీ అది సగమే. ఇప్పుడు దాచి ఏం చేసుకుంటాను? జనం కళ్లు తుడుచుకునేది నన్ను చూసే అనుకున్నాను. ఆ పాటలో సగం ఇంకొకామెదని తెలిస్తే నాకేం మిగులుతుంది? ఆ లెక్క ఆ గదిలో నిలబడి వేసుకున్నానా, తర్వాత కుదుర్చుకున్నానా? తెలియదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"పాస్టరమ్మ గురించి" అన్నాను.

రాహేలును బల్ల నుంచి ఆపేశారు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్లీ రొట్టె, రసం ఇస్తారు. మా దగ్గర ఆనవాయితీ అది. అప్పటిదాకా వెనక బెంచీలో కూర్చోవాలి. పళ్లెం వస్తే తీసుకోకుండా పక్కవాళ్లకు అందించాలి. ఆ తీర్పు చదివిన రోజు చర్చి మెట్ల మీద నన్ను ఆపింది.

"వదినా, ఏం జెప్పినవ్ ఆయనకు?"

"నేనేం జెప్పలే. ఆయనే ఏదో అనుకున్నడు."

"గట్లనా." నా మొహం వంక చూసింది. తెలిసిపోయింది ఆమెకు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "పుస్తకం ఒక్కోపారి తలకిందులు వట్టుకుంటవ్. జర జూస్కో వదినా. రేపటి సంది పక్కన నేనుండ గదా, ఎవలన్న జూస్తరు" అని కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

తను నా చెవిలో ఏం చెప్పేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే బల్ల తిరిగి వచ్చేది. చేయని తప్పు ఒప్పుకున్నా వచ్చేది. రెండూ చేయలేదు. ఎందుకు? నా మీద జాలా? అసహ్యమా? నా పేరు నోట పలకడం కూడా దండగనుకుందా? నేను అడగలేదు. గోడకు గోడ ఉన్న ఇంట్లో మనిషిని ఇన్నేళ్లూ అడగలేదు. గొంతు చెడిందని చెప్పి నేను ముందు వరస వదిలేశాను. పని మాత్రం వదల్లేదు. ఆమె కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చుంది. పళ్లెం వస్తే వంగి పక్కకు అందించేది. ఆ తర్వాత రావడమే మానేసింది.

పని మానేశాక, చర్చి కింద గదిలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. చదవడం వచ్చాక మొదట ఆనాటి పాటే తీశాను. మాటలన్నీ తెలిసినవే. రాహేలు ఊపిరితో కలిసి తెలిసినవి.

పోయిన చలికాలం రాహేలు చనిపోయింది. సమాధి దగ్గర ఆమె కొడుకు నా చేతులు పట్టుకుని, "అత్తమ్మా, నీ పాటంటే మా అమ్మకు పానం" అన్నాడు. తల ఊపాను. అక్కడ చెప్పొచ్చు. చెప్పలేదు. సంఘ పెద్ద ఎప్పుడో పోయాడు, పాస్టరు గారూ పోయారు. ఇక ఎవరు విని ఆమెను బల్ల దగ్గరికి పిలుస్తారు?

ఇదంతా ఆ గూడులో కదిలే పెదవులను చూస్తూ తలుచుకుంటున్నాను. గ్రేసీ నా చెవిలో కథ చెబుతూనే ఉంది. ముందు కుర్చీలో ఆయన విసురుగా వెనక్కి తిరిగాడు.

"ఏంటమ్మా ఆ గుసగుసలు? ఇంట్లో చెప్పుకోకూడదా మీ కబుర్లు? చదువుకున్న పిల్లలా ఉన్నావు!"

"సారీ అంకుల్" అంది గ్రేసీ.

మా అమ్మమ్మకు ఇంగ్లీషు చదవరాదు, అందుకే చెబుతున్నానని అనలేదు. నా పరువు కాపాడింది. మళ్లీ ఒకరు నా పరువు కాపాడారు. నేను నోరు తెరిచి, బాబూ, నాకోసమే చెబుతుంది, ఆ పిల్ల తప్పు లేదు అంటే సరిపోయేది. ఇప్పుడు పోయే పని లేదు, పోయే పేరు లేదు. అయినా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. అప్పటి మనిషినే నేను. అక్షరాలు వచ్చాయి కానీ నేనేం మారాను?

తర్వాత గ్రేసీ చెప్పలేదు, నాకేం అర్థం కాలేదు. చివరికి బురుజులోనే ఆ పిల్ల చచ్చిపోయింది. వేదిక మీది తెర దించి మళ్లీ ఎత్తారు. పాడినవాళ్లంతా వరసగా నిలబడి జనానికి వంగి దండం పెట్టారు. అప్పుడు రాజు కూతురు వేషం వేసినామె ముందుకు వచ్చింది. అంత పెద్ద గౌను మడుచుకుని, గూడు ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి లోపలికి చాచింది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చింది. అందరూ చూస్తుండగా ఆ చేతిని పట్టుకుంది.

అంత సులువా అది?

మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే గ్రేసీ అడిగింది. "ఎట్లుంది అమ్మమ్మా? ఏడ్చినవా ఏంది?"

"ఏసీ మంచిగుంది" అన్నాను.

నన్ను ఎవరూ క్షమించలేరు. క్షమించాల్సిన మనిషి లేదు. ఆ రోజు ఆ గదిలో అనాల్సిన మాట మాత్రం నా చేత్తో ఇక్కడ పెడుతున్నాను. రాహేలు నా చెవిలో చెప్పింది పాట. పాట తప్ప ఇంకేం లేదు. నాకు చదవడం రాదు.

రాశాను. కొంచెం ఊపిరి ఆడుతుంది.