రంగూన్ అత్తయ్య మూట

నా చిన్నప్పుడు సినిమా చూడాలంటే మా ఊరి నుంచి గూడూరు మీదుగా బందరు వెళ్లాలి. మా నాన్నగారు ఏడాదికి ఒకటో రెండో చూపించేవారు. ఓ వేసవి సెలవుల్లో మాట్నీకి తీసుకెళ్లింది ఒక యుద్ధం సినిమాకి. మాటలు మన భాష కాదు, ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ బాంబులు పడుతున్న ఊళ్లోంచి సైనికులు ముసలివాళ్లనీ పిల్లలనీ వంతెన దాటిస్తుంటే మేమందరం ఏడ్చాం.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు పొలాలకి నీళ్లు పారే పంటబోదె యుద్ధభూమి అయింది. దాని మీద అడ్డంగా వేసిన తాటిదుంగే వంతెన. అందరూ సైనికులమే అన్నారు, జనం అవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి అయిదేళ్ల మా చెల్లెల్ని జనం చేశాం. కెప్టెన్ని నేను. దుంగ దగ్గరికి వచ్చేసరికి అది భయపడి, గుడ్డబొమ్మని రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడిపోయింది. చేతులు ఖాళీ అయితేగాని నా చెయ్యి పట్టుకోలేదు. శత్రువులు వచ్చేస్తున్నారని అరిచి, బొమ్మని లాగి బోదెలోకి విసిరేశాను. దాని ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

పక్కింటి అత్తయ్య బియ్యం చేట పక్కన పెట్టి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బర్మాలోని రంగూన్ నుంచి కొండలూ అడవులూ పడి నడిచొచ్చిన మనిషి కనక ఆమెని ఊరంతా రంగూన్ అత్తయ్య అనేది. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుని మూటలా చుట్టి ఒళ్లో పెట్టుకుని దుంగ పక్కనే చతికిలబడింది.

"కెప్టెన్ గారూ, నన్నూ కాస్త దాటించండి."

"ఆ మూట పడేసి రా అత్తయ్యా, తొందరగా!"

"పడెయ్యను. ఇందులో ఏముందో అడగవేంటే?"

అడిగాను. అప్పుడు ఆమె నవ్వడం మానేసి చెప్పింది. ఆ నడకలో ఆమె మూడేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. దారిలోనే పాతిపెట్టి, వాడి చొక్కాలు మూటగట్టుకుని నడిచింది. బరువెందుకు, పారెయ్యమని తోటివాళ్లందరూ అన్నారు. ఒక వాగు దగ్గర ఇక కదలలేక కూర్చుండిపోతే, ఆమె భాష రాని సిపాయి ఒకడు ఆ మూటలో ఏమిటని సైగ చేశాడు. విప్పి చూపించింది. అతను ఆ చిన్న చొక్కాల్ని మళ్లీ మడతపెట్టి, మూట తన భుజాన వేసుకుని వాగులోకి దిగాడు.

"మూట అటు వెళ్లిందిగా, దాని వెనకాలే నేనూ వెళ్లానే," అంది.

నేను బోదెలోకి దిగాను. మోకాళ్లలోతు నీళ్లు. బొమ్మ కాస్త దిగువన తూటికాడల్లో చిక్కుకుని ఉంది. బురదనీళ్లు పిండి, దాన్ని భుజాన వేసుకుని దుంగ దాటాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకోకుండానే వెనకాలే వచ్చేసింది.

ఆ సాయంత్రం ఈ సంగతంతా నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. నా మొదటి డైరీ పేజీ అదే. పెద్దయ్యాక తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినన్నాళ్లూ, తుఫాను వచ్చినప్పుడల్లా దివిసీమ జనాన్ని లారీల్లో తెచ్చి ఉంచిన బడులకి వెళ్లేదాన్ని. పేరు, ఊరు, ఇంట్లో ఎందరు, ఇవే ఫారంలో గడులు. నేను ముందు పెన్ను పక్కన పెట్టి, మూటలో ఏముందమ్మా అని అడిగేదాన్ని. ఆ జవాబులకి ఫారంలో చోటు ఉండేది కాదు. నా డైరీల్లో ఉన్నాయి. తడిసిన పెళ్లి ఫోటో. పిడి లేని కొడవలి. ఒక ముసలాయన పంచెలో చుట్టి తెచ్చిన కోడిపెట్ట, ఇంకా బతికే ఉంది.