బోల్టు మీద పసుపు గీత

మా బావగారికి నా కారంటే మొదటినుంచీ గిట్టదు. అది నా జీతంతో, నా పేరు మీద ఇంటికొచ్చిందని ఆయన కడుపుమంట. నడపడానికి మాత్రం ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో కమీషన్ కొట్టు ఉంది. ఆ వీధిలో ఆయన మాటకి ఎదురుండదు కాబట్టి ఇంట్లోనూ ఉండకూడదనుకుంటారు. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. నేను అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. చాలా ఏళ్ళు కంపెనీ బస్సులోనే వెళ్ళొచ్చాను. ల్యాబ్‌లో పని తెమలకపోతే బస్సు నా కోసం ఆగదు. రోడ్డు పక్కన ఆటోల కోసం నిలబడి నిలబడి విసుగెత్తి, చివరికి చిన్న కారు కొనుక్కున్నాను.

కారు ఇంటికొచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే బావగారు గేటు దగ్గర నిలబడి అన్నారు: "కంపెనీ బస్సుండగా కారెందుకమ్మా? నువ్వు నడుపుతుంటే మా తమ్ముడు పక్కన కూకుంటాడా? ఊళ్ళో ఏటనుకుంటారు?"

మా ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

వారం తిరక్కుండా రెండో తాళం కింది వాటాలో గోడ మేకుకి వేలాడింది. నేను ఇవ్వలేదు. మా ఆయన ఇచ్చారు. సెలవు రోజున కూరగాయలకి వెళ్దామని కిందికి దిగితే పోర్టికో ఖాళీగా ఉండేది. సీటు వెనక్కి జరిపేసి, అద్దాలు తిప్పేసి, లోపల అగరుబత్తి వాసనతోనో చేపల వాసనతోనో కారు తిరిగొచ్చేది. అడిగితే "ఏటి, అరిగిపోయిందా?" అనేవారు.

ఏడాది తిరిగేసరికి మొదటిసారి ఇంజన్ ఆయిల్ మార్చాల్సిన సర్వీసు వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్తానన్నాను. బావగారు ఒప్పుకోలేదు. "ఆడోళ్ళెల్తే మోసం సేసేత్తారు. షోరూములో నాకు తెలిసినోళ్ళున్నారు. నానట్టుకెల్తాను" అన్నారు. సాయంత్రం కారు తళతళలాడుతూ వచ్చింది. "ఆయిల్ మార్పించేసేను. ఇంకేటీ సూసుకోనక్కర్లేదు" అని తాళం ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

కొన్ని వారాలయ్యాక, పూడిమడక రోడ్డులో వస్తుంటే ఇంజను చప్పుడు మోటుగా అనిపించింది. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి చూశాను. కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంటుంది. ఇది తారులా ఉంది. పుల్ల మీది కింది గుర్తు దాకా కూడా అందలేదు.

బావగారికి చూపించాను. ఆయన పుల్ల వైపు కాదు, నా వైపు చూశారు.

"షోరూమోళ్ళు దొంగలు. ఆళ్ళే మోసం సేసుంటారు."

"అయితే రేపు నేను వెళ్ళి అడుగుతాను."

"ఎల్లకు. నా పరువు పోతాది. నాను మాటాడతాను."

మాట్లాడలేదు. రోజూ అడిగాను. రోజూ ఒక సాకు. నా కోపమంతా షోరూము మీదే ఉండేది. అక్కడ ముఖం కూడా తెలియని వాళ్ళని మనసులో తిట్టుకుంటూ మళ్ళీ కంపెనీ బస్సులో ఆఫీసుకి వెళ్ళేదాన్ని. చివరికి ఎవరినీ నమ్మేది లేదు, నా కారుకి నేనే ఆయిల్ మారుస్తాననుకున్నాను. కారుతో వచ్చిన పుస్తకం చదివాను. ఫోనులో వీడియోలు చూశాను. స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళి ఆయిల్ డబ్బా, ఫిల్టర్, బోల్టుకి వేసే వాషర్ అడిగితే కొట్టతను "మెకానిక్‌ని పంపండమ్మా" అన్నాడు. "మెకానిక్‌ని నేనే" అన్నాను. అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆదివారం పొద్దున్న ఆయిల్ పలచబడేలా ఇంజను కాసేపు ఆడించి, పోర్టికోలో మందపాటి చెక్క దిమ్మల మీదికి ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగాను. పాత నైటీ మీద మా ఆయన చొక్కా వేసుకున్నాను. బావగారు తెల్ల లుంగీలో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు, తమాషా చూడ్డానికి.

"ఏటమ్మా, ఉజ్జోగం మానేసి గ్యారేజీ పెట్టేత్తావా? ఇంజను పాడైపోతే ఎవడు బాగుసేత్తాడు?"

కారు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. ఇనుప గమేళా పక్కన పెట్టుకుని టార్చ్ వేసి, పాత ఆయిల్ కిందికి వదిలే బోల్టు వెతికాను.

బోల్టు కనిపించింది. దాని మీదుగా ఇంజను అడుగు రేకు దాకా సన్నటి పసుపు రంగు గీత ఒకటి తిన్నగా ఉంది. బోల్టు బిగించాక ఫ్యాక్టరీలో వేసే గుర్తు అది. బోల్టు ఒక్కసారి కదిలినా ఆ గీత రెండు ముక్కలు కావాలి. సీసాల సీళ్ళు విప్పారో లేదో చూడటం ల్యాబ్‌లో నా రోజువారీ పని. ఈ సీలు ఎవరూ విప్పలేదు. షోరూములోనే కాదు, ఎక్కడా విప్పలేదు.

కింద నుంచే అడిగాను. "బావగారూ, ఆ రోజు ఆయిల్ మీ ఎదురుగానే మార్చారా?"

"నా కళ్ళెదురుగానే మార్చేరు. పక్కనే కూకున్నాను కదేటి!"

"ఈ బోల్టు విప్పారా?"

"ఇప్పకుండా ఆయిలెలగొత్తాది? ఇప్పేరు."

"అయితే ఒకసారి వంగి చూడండి. ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరలేదు."

నాకు కనిపించేవి కాళ్ళు మాత్రమే. కుర్చీ ముందు బావగారి చెప్పులు. మెట్ల దగ్గర మా ఆయన పాదాలు. ఎప్పుడు దిగి వచ్చారో తెలీదు. ఆ పాదాలే ముందు మాట్లాడినట్టనిపించింది.

"అన్నయ్యా, ఇంకెందుకు, సెప్పీ."

"ఏటి సెప్పాలి?"

మా ఆయన గొంతు తగ్గించారు. "ఆ రోజు కారు షోరూముకి ఎల్లలేదు. వదిన తమ్ముడికి పిల్లని సూడ్డానికి కె. కోటపాడు ఎల్లేరు. వచ్చేటప్పుడు హైవే మీద కడిగించి తెచ్చేరు."

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఆ రోజే. గొడవలెందుకని…"

అన్ని వారాలు నేను రోజూ అడిగాను. రోజూ ఈయన నా పక్కనే అన్నం తిన్నారు. షోరూము వాళ్ళని నేను తిడుతుంటే "పోనీలే" అన్నారు. కారు కింద చల్లటి టైల్స్ మీద పడుకుని, అన్నదమ్ములిద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపమో నాకే తెలియలేదు. బయటికి వచ్చి అరవాలనిపించింది. రాలేదు. స్పానర్ బోల్టుకి తగిలించి రెండు చేతులా లాగాను. కదల్లేదు. ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి లాగాను. టక్కుమంది. పసుపు గీత తెగింది. వేడి ఆయిల్ వేళ్ళ మీదుగా మణికట్టు దాకా జారి గమేళాలోకి నల్లటి తాడులా దిగింది.

బావగారు లేచారు. "తమ్ముడింటి కారు నానట్టుకెల్తే తప్పేటి? ఇల్లు మా నాన్నది. నా పోర్టికోలో ఈ సెండాలం సేత్తే ఊరుకోను. తియ్యి నీ కారు!"

"ఆయిల్ లేకుండా ఎలా తీస్తాను? పని అయ్యాక తీస్తాను. అంతవరకు దూరంగా ఉండండి."

దూరంగా ఉండలేదు. కాలు చాచి గమేళాని ఒక్క తన్ను తన్నారు. అది తిరగబడి నల్లటి ఆయిల్ తెల్ల టైల్స్ మీద పరుచుకుంది. నా చొక్కా, జుట్టు తడిశాయి. ఆయన లుంగీ మోకాళ్ళ దాకా నల్లబడింది. కాలు జారి కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"కడుగు ఇదంతా!" అని అరిచారు.

"తన్నినవాళ్ళు కడుక్కోవాలి" అన్నాను.

మా ఆయన గుడ్డలు తెచ్చి తుడవడం మొదలెట్టారు. వద్దని చెప్పాను. చెప్పినా వినలేదు, అన్నగారి పాదాల దగ్గరే తుడుస్తూ కూర్చున్నారు. ఆ దృశ్యం నాకు రోత పుట్టించింది.

నేను నా పని వదల్లేదు. పాత ఫిల్టర్ చేతికి జారిపోతుంటే గరుకు కాగితం చుట్టి తిప్పాను. కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి బిగించాను. కొత్త వాషర్‌తో బోల్టు బిగించాను. పైనుంచి కొత్త ఆయిల్ కొంచెం కొంచెంగా పోసి, ఇంజను ఆన్ చేసి, టార్చ్‌తో కింద చూశాను. ఎక్కడా చుక్క కారలేదు. ఆపి, కారు దిమ్మల మీంచి దింపి, కాసేపాగి పుల్ల తీసి చూస్తే తేనె రంగు, సరిగ్గా రెండు గుర్తుల మధ్య. సంతోషం వేయలేదు. పుల్ల తుడిచి పెట్టి, బానెట్ దించాను.

ఒళ్ళంతా ఆయిల్‌తోనే కింది వాటాలోకి నడిచి మేకు మీది తాళం తీసుకున్నాను. మా తోటికోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. తాళం గుప్పిట్లో పెట్టుకుని పై వాటాకి మెట్లెక్కాను.

ఆ మధ్యాహ్నమే బావగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి, తమ్ముడి పెళ్ళాం తనమీద నల్ల ఆయిల్ పోసిందని చెప్పారు. కొందరు నమ్మారు. నమ్మిన వాళ్ళకి నేను సంజాయిషీ ఇచ్చుకోలేదు. రెండు నెలలు తిరక్కుండా రైల్వే స్టేషన్ వైపు అద్దె ఇల్లు చూసి సామాను తరలించాను. "వస్తే రండి" అన్నాను మా ఆయనతో. వచ్చారు.

ఇప్పుడు ఆయిల్ మార్చే ఆదివారాల్లో ఆయన బయటికి వచ్చి, కారు పక్కన నిలబడి "టార్చ్ పట్టుకోనా?" అని అడుగుతారు. అక్కర్లేదంటాను. ఇంకాసేపు అలాగే నిలబడి, లోపలికి వెళ్ళిపోతారు.