తప్పుల సినిమాలూ మా అత్తయ్యా

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా అత్తయ్య చనిపోయింది. ఆ సమయానికి నేను మాచర్లలో, బడిలో ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను. రెంటచింతల నుంచి మా ఎదురింటి పిన్ని ఫోన్ చేసింది. ఆమె రోజూ అన్నం తినగానే మా ఇంటికొచ్చి, అత్తయ్య పక్కన కూర్చుని టీవీలో సినిమా చూసేది.

"అమ్మాయ్, ఉన్నపళాన బయల్దేరి రా," అంది. తర్వాత వెక్కుతూనే జరిగింది చెప్పింది. "దెయ్యం బావిలోంచి పైకొచ్చిందమ్మా. వస్తా వస్తా సవరం ఊడి గట్టు మీద పడింది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నా. మీ అత్త నవ్వలా. సవరం ఊడితే గూడా నవ్వలేదేందని అప్పుడు మొహం చూశా."

బస్సులో ఆ మాటలు తలుచుకుంటుంటే ఏడుపు మధ్యలో నవ్వు తన్నుకొచ్చింది. పక్క సీటులో కూర్చున్నావిడ కాస్త దూరం జరిగింది.

చర్చిలో అంత్యక్రియల పూజలో ఫాదర్ గారు అత్తయ్య గురించి మంచి మాటలు చెప్పారు. రోజూ జపమాల చెప్పుకునేదన్నారు. మామయ్య పోయాక రెండెకరాల మిరపచేను ఒక్కతే చూసుకుని కొడుకును, అంటే మా ఆయన్ని, చదివించిందన్నారు. అన్నీ నిజమే. కాకపోతే ఆమె రోజుకొక జపమాలతో పాటు రోజుకొక దెయ్యం సినిమానో, ఫైటింగుల సినిమానో కూడా తప్పకుండా పూర్తి చేసేది. ఆ సంగతి గుడిలో చెప్పేది కాదు గనక నేనిక్కడ చెబుతున్నాను. ఫాదర్ గారికి తెలియక కాదు. ఒకసారి ఆయనే అడిగారు, "ఏమ్మా, దెయ్యాల సినిమాలు చూస్తావంట?" అని. "వాటిని చూస్తే దెయ్యమంటే భయం పోద్ది ఫాదర్. మీరూ ఒకటి చూడండి," అంది అత్తయ్య.

నాది నరసరావుపేట. కాలేజీ రోజుల్లో మంచి సినిమాల మీద వ్యాసాలు రాసి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. పెళ్ళయి వచ్చిన మొదటి ఎండాకాలంలోనే నాకు అత్తయ్య గురించి పూర్తిగా తెలిసిపోయిందని అనుకున్నాను. రెంటచింతలలో పదకొండు కాగానే తలుపులు మూస్తే, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే తీస్తారు. అంతసేపూ ఒకే గదిలో, ఒకే కూలర్ ముందు, అత్తా కోడలూ ఉండాలి. ఆమె మాట మొరటు. "చదువుకున్న పిల్ల" అనేది నన్ను, అదేదో జబ్బయినట్టు. నేను పుస్తకం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆమె ముందర ఎండుమిరపకాయలు గుట్టగా పోసుకుని, టీవీ చూస్తూ తొడిమలు తీసేది. ఇద్దరం రోజుకు పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. అవి కూడా ఉప్పు గురించో, నీళ్ళ గురించో.

ఒకరోజు పాడుబడ్డ బంగళాలో తెల్లచీర దెయ్యం ఒకటి మెట్లు దిగుతోంది. అత్తయ్య ఉన్నట్టుండి, "ఏమే, దాని కాళ్ళు చూడు," అంది. చూడకూడదనుకుంటూనే తల తిప్పాను.

"దెయ్యానికి కాళ్ళుండవంటారు గదా. దీనికి కాళ్ళే గాదు, హవాయి చెప్పులు గూడా ఉన్నై."

ఉన్నాయి. నీలం రంగు పట్టీలతో, ఒకటి కాస్త అరిగి కూడా ఉంది.

"ఎండాకాలం తీసినట్టున్నారు అత్తయ్యా. పాపం, కాళ్ళు కాలుతున్నాయేమో," అన్నాను.

అత్తయ్య చేతిలో మిరపకాయ వదిలేసి నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది చూడండి, నేనా ఇంట్లో అంత పెద్ద నవ్వు అంతకుముందు వినలేదు. సాయంత్రం తలుపు తీయగానే ఎదురింటికి కేకేసింది. "ఏమే, మా కోడలికి నోరుంది!"

ఆ మర్నాటి నుంచి నేనూ గుట్ట ముందు కూర్చున్నాను. కొన్నాళ్ళకు ఎదురింటి పిన్ని కూడా మాతో చేరింది. ఆమెతో సినిమా చూడడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఎందుకు, ఎట్లా అని అడగకూడదు. కథానాయకుడు జీపుతో సహా లోయలో పడి, చొక్కా నలగకుండా పైకొస్తే, "వచ్చాడుగా, ఇంకేంది?" అనేది. ఆమె చూపు మాత్రం ఎప్పుడూ కథానాయకుడి మీద ఉండేది కాదు, అతని చేత తన్నులు తినేవాళ్ళ మీద ఉండేది. వాళ్ళంటే ఆమెకు చెప్పలేని జాలి. "ఇందాక నల్లచొక్కాలో చచ్చాడు. ఇప్పుడు గళ్ళచొక్కాలో వచ్చాడు. ఒక్క సినిమాలో మూడుసార్లు చావాలంటే ఎంత ఓపిక ఉండాలే!" అనేది. దెబ్బ తగలకముందే ఎగిరిపడేవాణ్ణి చూస్తే, "ఇంటికి పోవాలేమో, తొందరపడ్డాడు," అని సర్దిచెప్పేది.

మిరప ఘాటుకు మా కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉండేవి. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను, మేం ముగ్గురం బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ పగలబడి నవ్వడం చూసి, రీడింగు తీసుకోకుండానే గుమ్మంలోంచి వెనక్కి తిరిగిపోయాడు.

అయినా నా చదువు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. ఆమె అభిరుచి బాగుచేయాలని ఒక మంచి సినిమా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి టీవీకి పెట్టాను. పేరున్న సినిమా. అత్తయ్య మిరపకాయలు పక్కన పెట్టి, పైట సరిచేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలూ గుడిలో కూర్చున్నట్టు కూర్చుంది. అయిపోయాక ఆత్రంగా అడిగాను, ఎట్లా ఉందని.

"బాగుంది. ఒక్క తప్పు గూడా లేదు." మిరపకాయల గుట్ట మళ్ళీ ముందుకు లాక్కుంటూ అంది, "నేను కూర్చోడానికి అందులో చోటే లేదమ్మాయ్. అన్నీ వాళ్ళే చేసుకున్నారు. తప్పుల సినిమా అయితే, రా అక్కా అని పీటేసి, నాకూ ఇంత పని చెప్పిద్ది."

అప్పుడా మాట నాకెక్కలేదు. ఎక్కలేదనడానికి నేను చేసిన పనే సాక్ష్యం. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మా బడి టీచర్లు నలుగురు భోజనానికి వచ్చారు. మాటల్లో సినిమాల ప్రస్తావన వచ్చింది. వాళ్ళ ముందు నేనేదో గొప్పగా కనపడాలని, "మా అత్తయ్యకు చెత్త తప్ప ఇంకేదీ నచ్చదులే," అని నవ్వాను. వంటింటి గుమ్మంలో కోడికూర గిన్నెతో అత్తయ్య నిలబడి ఉంది. అందరికీ రెండోసారి కూడా కొసరి కొసరి వడ్డించింది.

మర్నాడు టీవీ పెట్టలేదు. తలనొప్పి అంది. ఆ తర్వాతా పెట్టలేదు. పిన్ని వచ్చి, తెర చీకటిగా ఉండడం చూసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయేది. పది రోజులు ఆ గదిలో కూలర్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఉండబట్టలేక, "తప్పయింది అత్తయ్యా," అన్నాను.

"తప్పేముంది? ఉన్నమాటే అన్నావుగా," అంది, తొడిమ తీస్తూ.

ఇది మాటలతో పోయేది కాదని ఆమెను మాచర్లలో మ్యాట్నీకి తీసుకెళ్ళాను. వాకబు చేసి మరీ, ఊళ్ళో ఆడుతున్న వాటిలో అన్నిటికంటే అధ్వాన్నమైన ఫైటింగుల సినిమా ఎంచుకున్నాను. హాల్లో ముప్ఫై మంది కూడా లేరు. మొదటి సగం అత్తయ్య పెదవి విప్పలేదు. విమానం మీద నుంచి దూకినవాడు గడ్డివాము మీద పడ్డా నోరు మెదపకపోతే, ఇక ఆమె నన్ను క్షమించదని నిశ్చయం చేసుకున్నాను.

రెండో సగంలో, జోరువానలో కథానాయకుడూ విలనూ ఎదురుబొదురుగా నిలబడ్డప్పుడు హాల్లో సౌండు పోయింది. బొమ్మ నడుస్తోంది, ఇద్దరి నోళ్ళూ ఆడుతున్నాయి, మాట లేదు. జనం ఈలలు వేశారు, కుర్చీలు బాదారు. విలన్ వేలు చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. ఆ గోలలో నా పక్కనుంచి ఒక గొంతు లేచింది.

"ఏరా, మా మిరపచేలో మేకల్ని తోలింది నువ్వేనా?"

హాలంతా టక్కున ఆగింది. తెర మీద కథానాయకుడు ఛాతీ విరుచుకుని నోరు తెరిచాడు. అత్తయ్య గొంతు లావు చేసింది.

"అయ్యి మేకలు గాదురా. మా బామ్మర్దులు!"

హాలు ఘొల్లుమంది. ఇంతలో కథానాయిక ఏడుస్తూ, తడుస్తూ, చేతులు జోడిస్తూ ఇద్దరి మధ్యకూ పరిగెత్తుకొచ్చింది.

"కొట్టుకుంటే తర్వాత కొట్టుకోండయ్యా! వాన పడతా ఉంటే ముందు కల్లంలో కాయలకి పట్టాలు కప్పండి!"

మిరప పండించే వాళ్ళకు ఇంతకు మించిన డైలాగు ఏముంటుంది? వెనక వరసలో ఒక ముసలాయన తలపాగా తీసి గాల్లోకి ఎగరేశాడు. అయిదు నిమిషాల తర్వాత సౌండు వచ్చింది. "ఆపండ్రా సౌండు! పెద్దమ్మను చెప్పనీయండి!" అని జనం అరిచారు. అప్పుడు అత్తయ్యకు తనేం చేసిందో తెలిసినట్టుంది. పైట మొహానికి కప్పుకుని సీట్లోకి జారిపోయింది. పైట కింద భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

తిరుగు బస్సులో అడిగింది, "సినిమా ఎట్టుందే?"

భయపడుతూనే, "చెత్త, అత్తయ్యా," అన్నాను.

"చానా చెత్త," అంది సంతోషంగా. కాసేపటికి నా వైపు తిరిగింది. "అది చెత్తని నాకు తెలవదనుకున్నావా? తెలిసే చూస్తా. ఆళ్ళ దగ్గరేముంది? రబ్బరు పాముకి దారం కట్టి లాగుతారు. మనల్ని ఎట్టాగైనా భయపెట్టాలని ఎంత అవస్థ పడతారో చూడు. నాకా అవస్థ చూస్తే ముద్దొస్తదే."

అప్పుడు నాకు ఆ పీట సంగతి అర్థమైంది. ఇన్నేళ్ళుగా బడిలో, తప్పుల తడకగా ఉన్న పిల్లల కాయితాలు దిద్దేటప్పుడు కూడా ఆ మాట గుర్తొస్తూనే ఉంది. మునుపటంత గట్టిగా ఎర్రసిరా గీతలు గీయలేకపోతున్నాను.

నిరుడు వానాకాలంలో ఆమెకు ఆయాసం మొదలైంది. నరసరావుపేటలో ఒక గుండె డాక్టరు గారికి చూపించాను. ఆయన మెత్తని మనిషి. "ఏం భయం లేదమ్మా, మందులు వేసుకుంటే బ్రహ్మాండంగా ఉంటారు," అని అత్తయ్యతో చెప్పి, నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పారు. బస్సెక్కాక అత్తయ్య మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆ డాక్టరు బాబు మంచోడేగానీ, డబ్బింగు సినిమా లాగున్నాడే. నోరొకటి చెబుతా ఉంటే మొహం ఇంకోటి చెబుతా ఉంది," అంది. "పక్కకు పిలిచి నీకేం చెప్పాడు? నువ్వు మాత్రం నాకు డబ్బింగు చెప్పమాక."

చెప్పాను. గుండెకు సత్తువ బాగా తగ్గిపోయిందని, ఎన్నాళ్ళన్నది ఆయన కూడా చెప్పలేనన్నారని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గురజాల దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది.

"భయంగా ఉందే," అంది. "ఇందులో నవ్వుకోడానికి ఒక్కటి గూడా దొరకట్లా."

ఏదో ఒకటి దొరకాలి. "అత్తయ్యా, చూశారా, ఆ డాక్టరు గారు గొట్టం చెవుల్లో పెట్టుకోకుండానే మీ గుండె విన్నారు. మెళ్ళోనే ఉండిపోయింది," అన్నాను.

అత్తయ్య నన్ను తేరిపార చూసింది. "అబద్ధం. పెట్టుకున్నాడు. నేను చూశా."

ఆ తర్వాత నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "అతుకు కనపడతా ఉంది. అయినా బాగా చెప్పావ్," అంది. ఆమె పెదవుల చివర నవ్వు కదిలింది.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు మందులు వేసుకుంటూ, సినిమాలు చూస్తూ గడిపింది. రాక్షసులూ రాకాసి సాలీళ్ళూ ఆమె చేతిలో అంతకుముందెన్నడూ లేనంతగా చీవాట్లు తిన్నారు. చివరి రోజున నేను పక్కన లేనన్న దిగులు నాకుంది. కానీ పిన్ని ఉంది, నవ్వుతూ ఉంది. నేనున్నా అంతకంటే ఏం చేసేదాన్ని?

ఏడోరోజు ప్రార్థన అయ్యాక మా ఇంట్లో టీవీ పెట్టబుద్ధి కాలేదు. ఈ వారం ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మొన్న ఒంటిగంటకు బస్సు దిగి మా వీధిలోకి వచ్చాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధిలో కుక్క కూడా లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మొదటి ఇంటి లోపలి నుంచి ఒక ఆడమనిషి కెవ్వున అరిచింది. ఉలిక్కిపడి ఆగాను. పక్కింట్లోంచి అదే కేక. ఆ పక్కింట్లోంచీ అదే. వీధంతా ఒకే సినిమా చూస్తోంది. కేక ఆగీ ఆగగానే ఇంటింటి నుంచీ ఆడవాళ్ళ నవ్వు వినిపించింది.

పిన్ని తలుపు ఓరగా తీసింది. "ఆ ఎండలో నిలబడ్డావేందమ్మా? దా, మొసలి వచ్చే టైమైంది."

లోపలికి వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. తెర మీద ఒక పెద్ద రబ్బరు మొసలి, నోరు బార్లా తెరుచుకుని, నది మధ్యలో, ఏ తొందరా లేకుండా, తోక ముందుగా, వెనక్కి ఈదుకుంటూ వెళుతోంది.