కూర్చోబెట్టి తీయని కొలత

2005లో షార్జా రోలాలో, పెళ్ళి గౌన్లు కుట్టే దుకాణంలో ఫిట్టింగ్ సూపర్‌వైజర్‌గా చేరాను. కింద దుకాణం, పైన వర్క్‌షాప్. నాకు పై అధికారి ముదీర్, అంటే మేనేజరు. నాకు పైనా కాదు కిందా కాదన్నట్టు కటింగ్ మాస్టర్ లచ్చన్న. జగిత్యాల మనిషి, ఇరవై ఏళ్ళ అనుభవం. నాది హోమ్ సైన్స్ డిగ్రీ. మా ఇద్దరికీ పడేది కాదని వేరే చెప్పక్కర్లేదు.

గౌను లోపల నడుమును పట్టి ఉంచేది కార్సెట్. ఒకప్పుడు యూరప్‌లో తిమింగలం నోట్లోని పలకలు చీల్చి దాన్ని నిటారుగా నిలిపేవారు. మా కాలానికి అవి స్టీలు పట్టీలయ్యాయి. పేరు మాత్రం బోన్లే, అంటే ఎముకలే. గుడ్డలో సన్నటి గొట్టాల్లా కుట్టి వాటిని దూర్చి, వెనక తాడుతో బిగిస్తాం. ఆ బిగువంతా మోసేది లోపల నడుం చుట్టూ కుట్టిన సాగని పట్టీ. అది లేకపోతే కుట్లు విచ్చుకుంటాయి.

ఆడవాళ్ళ కొలతలు తెర వెనక నేను తీసి, కార్డు మీద రాసి పైకి పంపేదాన్ని. కార్డు చూసి మాస్టర్ కత్తిరించేవాడు. తాను కత్తిరించిన కార్సెట్‌ను మనిషి ఒంటిమీద ఆయన ఏనాడూ చూడలేదు.

ఒక పెళ్ళికూతురు రెండో ట్రయల్లో కూడా అదే మాట చెప్పింది. నిలబడితే బాగానే ఉంది, కూర్చుంటే ముందు బోన్లు తొడల్లో గుచ్చుకుంటున్నాయని. పెళ్ళిలో ఆమె వేదిక మీద గంటలకొద్దీ కూర్చోవాలి. ఇంకొక్క ట్రయల్, అదీ చెడితే మాస్టర్ వీసా ఖలాస్ అన్నాడు ముదీర్. నేను పైకెళ్ళి మాస్టర్‌ని అడిగాను.

"నా కటింగ్‌ల తప్పుండది మేడమ్. పిల్ల నడ్మల బిర్యానీ గట్టిగ తిన్నట్టుంది."

"లావైతే బిగుస్తుంది మాస్టర్ గారూ, గుచ్చుకోదు. మీరే వేసుకుని చూడండి."

"నేనా?"

"మీ పనితనమే కదా, భయమెందుకు?"

ముతక కాటన్‌తో కుట్టిన నమూనాను చొక్కా మీదే తొడిగించి, తాడు నేనే బిగించాను. సన్నటి మనిషి, పట్టింది. "మస్తుగున్నవ్ మాస్టర్, మెహందీ ఒక్కటే తక్కువ" అన్నాడొక టైలరు. "నోర్మూసుకొని కుట్టు" అంటూ ఆయన మిషన్ ముందు కూర్చున్నాడు. పది నిమిషాలకి నుదుటి మీద చెమట పట్టింది.

"కూసుంటే నడుం నుంచి తొడ దాక జాగ తగ్గుతది మేడమ్. మీరు నిలవెట్టే కొల్చిన్రు గదా?"

కార్డు తీసి చూశాను, అన్నీ నిలబెట్టి తీసినవే.

కార్సెట్ విప్పకుండానే, గుచ్చుకుంటున్న చోటల్లా సుద్దతో గీతలు పెట్టాడాయన. నేను పెళ్ళికూతుర్ని పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాను. ముందు భాగం రెండు వేళ్ళు తక్కువ వచ్చింది. మాస్టర్ ముందు బోన్లు కురచ చేసి, కొసలకు టోపీలు తొడిగి, అంచు పైకి లేపాడు.

మూడో ట్రయల్‌కి ముందే ముదీర్ దగ్గరికి వెళ్ళి, కొలత నాది, తప్పూ నాదేనని చెప్పాను. ఆ మాట అనడానికి నాకు ఒక పూట పట్టింది. అయితే వీసా మాట నీక్కూడా వర్తిస్తుందన్నాడాయన.

ఆ ట్రయల్లో పెళ్ళికూతురు గౌనుతోనే గంటసేపు కూర్చుని, చాయ్ తాగి, గుచ్చుకుంటోందని ఒక్కసారీ అనకుండా వెళ్ళింది. మా ఇద్దరి ఉద్యోగాలూ మిగిలాయి.

ఆ వారమే కొలతల కార్డులో 'కూర్చుని' అని రెండో గడి గీయించాను. ఫిట్టింగ్ చెడితే ముందు కార్డు చూడాలి, తర్వాతే కత్తెర పట్టినవాణ్ణి అడగాలి. ఆ గౌను విషయంలో నేను ముందు మాస్టర్‌నే అడిగాను.