అత్త మూలకి అద్దె

దుర్గ్ పక్కనే ఉన్న ఉక్కు ప్లాంటు ఊళ్ళో, పవర్ హౌస్ బజార్లో మాకు చీరల కొట్టు ఉండేది. అందులో ఓ మూల మా మేనత్త కూర్చుని చీరలకి ఫాల్ కుట్టేది. మావయ్య పోయాక ప్లాంటు క్వార్టరు ఖాళీ చేసి మా ఇంటికి వచ్చేసిన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని తనే ఆ మూల పట్టింది. ప్లాంటు కాలనీ సెక్టర్లలో ఉండే శ్రీకాకుళం, విజయనగరం ఆడవాళ్ళు చీర కొన్నా కొనకపోయినా ఆవిడ దగ్గర కాసేపు చేరి, అత్తగార్లని తీరిగ్గా ఆడిపోసుకుని వెళ్ళేవారు. ఆ కబుర్ల కోసం నేనూ కాలేజీ నుంచి సరాసరి కొట్టుకే వచ్చేదాన్ని.

తొంభైల మధ్యలో దుర్గ్‌లో ఎం.కాం. మొదటి సంవత్సరంలో చేరాను. వ్యాపార నిర్ణయాలకి లెక్కల్ని ఎలా వాడాలో చెప్పే పేపరొకటి ఉండేది మాకు. అది మొదలైన కొత్తలోనే ఓ సాయంత్రం నాన్న నన్ను పక్కకి పిలిచాడు.

"ఆ ఫాల్ మూల ఉంచాలో తీసెయ్యాలో మీ కాలేజీ లెక్క కట్టి తేవే. కొట్టు అద్దెలో దాని వాటా కూడా వెయ్యి, నష్టమని తేలిపోతాది. నేను సెప్తే మీ అత్త వినదు. సదువుకున్నదానివి, నువ్వు సెప్తే వింటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. సొంత అక్కని లేవగొట్టడానికి నా చదువు కావాల్సొచ్చిందా ఈయనకి! "హద్ కర్తే హో నాన్నా!" అని, మరీ హద్దు మీరుతున్నావని ముఖమ్మీదే అనేసి విసురుగా వెళ్ళిపోయాను. కోపమొస్తే నాకు ముందు హిందీయే వస్తుంది, ఇప్పటికీ అంతే.

ఆ వారమే మా సారు క్లాసులో ఓ దుకాణం లెక్క ఇచ్చారు. ఒక విభాగం నష్టంలో ఉన్నట్టు కనిపిస్తోంది, మూసేయాలా వద్దా అని ప్రశ్న. మూసేయాలని అందరం ఒక్క గొంతుతో అరిచాం. ఆయన నవ్వి, "బంద్ కరోగే తో కిరాయా బచేగా క్యా?" అన్నారు. ఆ విభాగం ఎత్తేసినా కొట్టు అద్దె పైసా తగ్గదు. తగ్గని ఖర్చుని దాని నెత్తిన రుద్ది నష్టమనకూడదు. మూసేస్తే ఏది మిగులుతుందో, ఏది చేజారుతుందో అవి మాత్రమే చూడమన్నారు. బెంచీ ఎక్కి గంతెయ్యడం ఒక్కటే తక్కువ నాకు.

ఇంటికొచ్చి కాయితం మీద రాశాను. ఆ మూల తీసేస్తే మిగిలేది దారం, ఫాల్ గుడ్డల ఖర్చు. పోయేది కుట్టుకూలీ, దానితోపాటు ఫాల్ కోసమని వచ్చి చీర కొనుక్కుపోయే బేరాలు. అద్దె ఎప్పటిలా అలాగే ఉంటుంది. మర్నాడు కొట్టులో, కావాలనే అత్త ముందు, నాన్నకి గట్టిగా చదివి వినిపించాను.

"ఓలమ్మ! నా మూల లాభమేటే!" అత్త మొహం వెలిగిపోయింది. "సూసినావురా తమ్ముడూ! నేనేటో ఊరికే కూకుంటన్నానని అనుకున్నావు కదా!"

"అవునప్పా" అన్నాడు నాన్న, అక్కని ఎప్పుడూ పిలిచేలాగే. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు.

బయట స్కూటరు దగ్గర నన్ను ఆపాడు. "అప్పకి కళ్ళు పోతన్నాయే. ఆపరేషన్ సేసినా తిరిగి రావని డాక్టరు నాతో సెప్పాడు. దాని వేళ్ళు సూసినావా? అన్నీ సూది పోట్లే. మొన్న చీరకి రక్తం మరకైతే నేనే ఉతికించి పంపినాను. కళ్ళు కనపడ్డం లేదు, మానెయ్ అప్పా అని దాని మొహం మీద ఎలగ అంటాను? గిట్టుబాటు అవడం లేదంటే నన్ను నాలుగు తిట్టి ఊరుకుంటాదనుకున్నాను."

రోజూ ఆవిడ పక్కనే కూర్చునేదాన్ని. ఒక్కసారైనా ఆ వేళ్ళ వైపు చూడలేదు. బజార్లో అందరూ చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

"మరిప్పుడేం చేస్తావు?"

"ఏటి సేస్తాం? లాభమని తేల్చేసినావు కదా, మహాతల్లీ" అని నెత్తిన చిన్న మొట్టికాయ వేశాడు.

మర్నాడు నాన్న చాలా పెందలాడే కొట్టు తెరిచాడు. సెలవని నేనూ వెంట వెళ్ళాను. ఫాల్ కుట్టాల్సిన చీరలన్నీ వరసగా పేర్చి, ఒక్కో దానికి ఆ రంగు దారం చూసి సూదిలో ఎక్కించి, అంచు దగ్గర గుచ్చి పెట్టాడు. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగొకటి కొనితెచ్చి పక్కనుంచాడు.

అత్త వచ్చి కూర్చుంది. మొదటి చీర ఒళ్ళోకి లాక్కుంటే చేతికి సూది తగిలింది. ఆగిపోయింది. సూది నుంచి దారం కొస దాకా మెల్లిగా వేలు పోనిచ్చింది. తర్వాత రెండో చీర తడిమింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. నాన్న గల్లాపెట్టె దగ్గర తల వంచుకుని, మడత పెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడత పెడుతున్నాడు.

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇత్తడి తొడుగు వేలికి పెట్టుకుంది.

"ఒరే తమ్ముడూ, రేపట్నుంచి దారం ఇంకొంచెం పొడుగుంచరా."

"అలాగేనప్పా" అన్నాడు నాన్న, తలెత్తకుండానే.