మిగిలిన ఆరు మాత్రలు

అశోక్‌నగర్ లేడీస్ హాస్టల్లో చేరి ఎనిమిది నెలలైనా, నాకు గ్రూప్స్ పుస్తకాలే తోడు. పక్క మంచం అమ్మాయిది నల్గొండ. మా మాటలన్నీ ఫ్యాను స్పీడు దగ్గరే ఆగిపోయేవి. తప్పు నాదే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను మొహం ముడుచుకుని కూర్చుని, ఎవరూ పలకరించరని లోపల ఏడ్చేదాన్ని.

2012 వానాకాలంలో టాన్సిల్స్‌కి చీము పట్టి జ్వరమొచ్చింది. చిక్కడపల్లి డాక్టరు యాంటీబయాటిక్ రాశారు. రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు తప్పకుండా వాడమన్నారు. రెండో రోజుకే జ్వరం దిగింది, కడుపు మాత్రం పాడైంది. నోరంతా చేదు. తగ్గిపోయాక ఇంకెందుకని మానేశాను. మా ఇంట్లో అంతే. మిగిలిన మాత్రలు డబ్బాలో దాచి, తర్వాత ఎవరికి నలతగా ఉంటే వాళ్లకి వేసేది అమ్మ.

వారం తిరక్కుండా పక్క మంచం అమ్మాయికీ గొంతు పట్టేసింది. నా దగ్గర మాత్రలున్నాయన్నాను. నిజానికి అది జాలి కాదు, ఆ వంకతోనైనా నాతో నాలుగు మాటలు మాట్లాడుతుందన్న ఆశ.

"నాకు పడతయా అక్కా?" అంది.

ఎందుకు పడవన్నాను, పెద్ద డాక్టర్నైనట్టు. ఒకటి వేసుకుంది. ఆ సాయంత్రం వాళ్ల చెల్లి గురించి, కోచింగ్‌లో ముందు వరస కోసం పొద్దున్నే పుస్తకాలు పెట్టి వచ్చే తిప్పల గురించి చెబుతూ నవ్వించింది. ఎంత హాయిగా అనిపించిందో.

మర్నాడు పొద్దున రెండో మాత్ర వేసుకున్న గంటకి ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బాయి. ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఏం మందని అడిగారు. షాపువాడు కత్తిరించి ఇచ్చిన మాత్రల అట్ట ముక్క మీద పేరు లేదు. హాస్టల్‌కి పరిగెత్తి నా డాక్టరు చీటీ తెచ్చేసరికి సూది వేసేశారు. గండం గడిచింది. ఆ మందు ఆమె ఇక జన్మలో ముట్టుకోకూడదన్నారు.

సాయంత్రానికి వాళ్ల నాన్న ఆసుపత్రికి వచ్చారు. నిజం చెప్పేద్దామని లేచాను. ఆయన నాకు దండం పెట్టారు.

"నువ్వున్నవు గనక బతికింది బిడ్డా. షాపుల అడిగి మందులు మింగుడేంది, గీ పిల్లకు?"

షాపులో తనే కొనుక్కున్నానని చెప్పిందట. నేను ఆమె వైపు చూశాను. వద్దన్నట్టు తల ఊపింది. నేను నోరు మూసుకున్నాను.

హాస్టల్లో సామాను సర్దుకుని ఆ రాత్రే నాన్న వెంట ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ నగరంలో నాకోసం అబద్ధమాడిన మనిషి ఆమె ఒక్కతే. కనీసం సెల్ నంబరు తీసుకోలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.